దగ్గులేని క్షయ

(రాయ్‌పూర్ శంకర్ నగర్‌లో మన సంఘ వార్షికోత్సవ సభయందు గావించిన ఉపన్యాసము)



ఈ వేదికపై ఏటేట కావ్యములను గూర్చియో, నాటకములను గూర్చియో ప్రసంగించుట మన సంఘమునకు వాడుక. నాకు పట్టము లభించినదియు సాహిత్యమునందే. వైద్యశాస్త్రమున నాకు ప్రవేశము లేదు. అట్టివాడు క్షయవ్యాధిని గూర్చి మాటలాడబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. కార్యదర్శిగారు గూడ, "పండుగపూట రోగాల మాట ఎందుకండీ?" యని మెత్తగా వారించిరి. వారి మాట కాదని ఈ విషయమును ఎన్నుకొనుటకు కారణమొకటి కలదు. అది ప్రసంగము నడుమ మీకే తెలియగలదు.

మన పూర్వులు ఈ వ్యాధిని రాజయక్ష్మమనిరి. చంద్రుడు దక్షుని కుమార్తెలను 27 మందిని వివాహమాడి, రోహిణి యందు మాత్రమే అనురాగము చూపుటచే, మామగారి శాపమున క్షయరోగగ్రస్తుడయ్యెనని పురాణగాథ. నాటినుండి చంద్రుడు పక్షము దినములు క్షీణించి, పక్షము దినములు వృద్ధిపొందుచున్నాడు. ఈ కథలో క్షీణించు చంద్రుని అందరును చూతురు. అమావాస్యనాటి చంద్రుని మాత్రము ఎవ్వరును తలపరు. ఆ రాత్రి ఆకాశమున చంద్రుడు లేడా? ఉన్నాడు. మన కంటికి కనబడడు, అంతియే. నేడు నేను చెప్పబోవునది అట్టి అమావాస్య క్షయను గూర్చి.

క్షయ యనగానే మన మనస్సున ఒక చిత్రము మెదలును. పాత నవలలలోను, చలనచిత్రములలోను నాయకుడు ఒక్కమారు దగ్గి చేతిరుమాలు చూచుకొనినచో, కథ ముగింపునకు వచ్చినదని ప్రేక్షకులు గ్రహించెడివారు. దగ్గు, నెత్తురు, సాయంకాలపు జ్వరము, ఎముకల గూడైన శరీరము - ఇవి యున్న క్షయ, లేకున్న ఆరోగ్యము అని మనము పెరిగితిమి. ఈ రెంటి నడుమ మూడవ స్థితి, నాలుగవ స్థితి గూడ కలవని నాకు రెండేండ్ల క్రిందటి వరకు తెలియదు.

మొదట క్రిమి నడకను కొంచెము తెలిసికొందము. 1882వ సంవత్సరము మార్చి 24వ తేదీన బెర్లిన్ నగరమున రాబర్ట్ కాఖ్ క్షయకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నట్లు ప్రకటించెను. అందుచేతనే ఆ దినము ప్రపంచ క్షయ దినముగా పాటింపబడుచున్నది. ఈ క్రిమి గాలిలో తేలి, ఒకరి శ్వాసనుండి మరియొకరి శ్వాసలోనికి పోవును. పళ్ళెము వలన, గ్లాసు వలన, కరచాలనము వలన రాదు. ఊపిరితిత్తుల లోతట్టున మన రక్షక కణములు దీనిని చుట్టుముట్టి మ్రింగును. కొందరిలో క్రిమి అక్కడనే నశించును. కొందరిలో నశింపక, ఆ కణముల కోటలో బందీయై బ్రతికియుండును. ఇతర క్రిములు అరగంటలోపల రెండింతలగుచుండగా, ఇది ఒక్కమారు రెండుగా చీలుటకు దాదాపు ఒక దినము పట్టును. దీనికి తొందర లేదు. ఈ స్థితిని వైద్యులు నిద్రాణ సంక్రమణ మందురు. ఆ మనిషికి రోగము లేదు, అతని వలన ఇతరులకు అంటదు, అతని ఎక్స్‌రే బాగుగనే యుండును.

మన ఉద్యోగ భాషలో చెప్పవలెనన్న, ఇది రికార్డు గదిలో కట్టగట్టి పెట్టిన ఫైలువంటిది. పనిలో లేదు, కాని నశించినదియు కాదు. ఏనాడైన ఎవ్వరైన అడిగినచో దుమ్ము దులుపుకొని బల్లమీదికి రాగలదు. డెన్మార్కు దేశమున 1961లో ఒక తండ్రికి క్షయ వచ్చినది. అతని క్రిములను ప్రయోగశాలలో భద్రపరచిరి. 1994లో అతని కుమారునికి క్షయ వచ్చినది. క్రిముల జన్యువులను పోల్చి చూడగా, 33 ఏండ్లకు పూర్వము తండ్రినుండి సోకినదే కుమారునిలో నిద్రించి మేల్కొన్నదని పరిశోధకులు తేల్చిరి.

భయపడవలదు. ప్రపంచ జనాభాలో నాలుగవ వంతు మందికి ఈ సంక్రమణము కలదని అంచనా. వారిలో రోగగ్రస్తులగువారు జీవితకాలమున నూటికి 5 మొదలు 10 మంది మాత్రమే. తక్కినవారు తమలో క్రిమి యున్నదని ఎరుగకయే నిండు నూరేండ్లు బ్రతుకుదురు. క్రిమి సోకిన తొలి రెండేండ్లలో అపాయము హెచ్చు. ఆపైన మధుమేహము, ఆహారలోపము, పొగత్రాగుట, మద్యపానము, హెచ్.ఐ.వి. వంటివి రక్షక కణముల బలము తగ్గించినపుడు కోట తలుపులు తెరచుకొనును.

ఇది మూడవ స్థితి. నాలుగవది ఇంతకంటె చిత్రమైనది. కోట లోపల క్రిమి మేల్కొని, ఊపిరితిత్తిని తినుట మొదలిడును. తెమడలో క్రిములు కనబడును. కాని మనిషికి దగ్గు లేదు, జ్వరము లేదు, ఆకలి తగ్గదు. అతడు ఆఫీసునకు పోవుచునే యుండును, పెండ్లిండ్లకు పోవుచునే యుండును. ఇది నిద్రాణ సంక్రమణము కాదు. ఇది రోగమే, కాని లక్షణము చూపని రోగము. దగ్గుటతోనే గాక సామాన్యముగా ఊపిరి విడుచుటతో గూడ క్రిములు వెలువడునని కేప్‌టౌన్ నగర పరిశోధకులు ఇటీవలి సంవత్సరములలో చూపిరి.

ఇట్టివారు ఎందరుందురు? 2019 మొదలు 2021 వరకు మన దేశమున జాతీయ క్షయ సర్వే జరిగినది. 15 ఏండ్లు దాటినవారిలో లక్షకు 316 మందికి ఊపిరితిత్తుల క్షయ నిర్ధారణ యైనది. నూటికి 31 మందికి సంక్రమణము కలదని తేలినది. నన్ను నిలువరించిన అంకె వేరొకటి. ఎక్స్‌రే తీయక, కేవలము "దగ్గున్నదా, జ్వరమున్నదా" యని అడిగి ఊరకున్నచో, కనుగొనిన రోగులలో నూటికి 42 మందికి పైగా తప్పిపోయి యుండెడివారట. అనగా పదిమంది రోగులలో నలుగురు "మాకేమియు లేదు" అని నిజాయితీగా చెప్పువారే. వారు అబద్ధమాడుట లేదు. వారికి తెలియదు.

ఈ సంగతి మన పెద్దలకు బొత్తిగా తెలియనిది కాదు. మన తెలుగుదేశముననే, మదనపల్లె చెంత ఆరోగ్యవరమున, పలు క్రైస్తవ మిషనులు కలిసి నడిపిన క్షయ చికిత్సాలయము ఉండెడిది. 1948లో మన దేశమున బి.సి.జి. టీకా ప్రారంభమైన తావులలో అది యొకటి. అచ్చటి వైద్యుడు యోహాన్నెస్ ఫ్రీమాట్ మోలర్, రోగులు తన గుమ్మము ఎక్కువరకు వేచియుండక, 1950 నుండి మదనపల్లె పట్టణమునందును, చుట్టుపట్ల పల్లెలయందును ఎక్స్‌రేతోను, ట్యూబర్కులిన్ సూదితోను ఆరోగ్యవంతులను గూడ పరీక్షించెను. 1955 మొదలు 1958 వరకు జరిగిన తొలి జాతీయ సర్వేకు హైదరాబాదు, మదనపల్లె గూడ కేంద్రములైనవి. క్షయ పట్టణముల రోగమను అపోహను ఆ సర్వే పోగొట్టినది. పల్లెలలోను అది అంతగానే యున్నది.

అటుపిమ్మట దారి మారినది. బెంగుళూరులోని జాతీయ క్షయ సంస్థవారు తుంకూరు జిల్లాలో చేసిన అధ్యయనము 1963లో ప్రచురింపబడినది. రోగులలో హెచ్చుమంది తమ బాధను ఎరిగినవారేననియు, సుమారు సగముమంది అప్పటికే వైద్యసహాయము వెదకికొనిరనియు అందు తేలినది. దగ్గుతో తమంతట తాము వచ్చినవారికే సరిగా పరీక్షలు లేనపుడు, రానివారిని వెదకుట ఎట్లు? కావున 1962లో వెలసిన జాతీయ కార్యక్రమము, దగ్గుతో ఆసుపత్రికి వచ్చినవానిని పట్టుకొనుట యను మార్గమును నమ్ముకొన్నది. చేతనున్న ధనమును, యంత్రములను బట్టి అది వివేకమైన నిర్ణయమే. కాని అరువది యేండ్లు ఆ ప్రశ్ననే అడుగుచు వచ్చుటచే, దగ్గు లేనిచో క్షయ లేదను భావము మన మనస్సులలో పాతుకొన్నది. నా మనస్సులో గూడ.

ఇక నా కథ చెప్పుదును.

రెండేండ్ల క్రిందట మా తల్లిగారు పార్వతీపురమునుండి రైలులో మా యింటికి వచ్చిరి. 1931లో పూర్తియైన ఆ విజయనగరము - రాయ్‌పూర్ మార్గము లేనిచో మనలో పెక్కుమంది ఈ ఊరిలో ఉండెడివారము కాము. వచ్చిన కొలది నెలలకు ఆమె చిక్కిపోయినది. సాయంకాలములందు ఒళ్ళు వెచ్చబడుచుండెను. అడిగినచో, "ఏమీ లేదురా, వయసు మీదపడింది" అనెడిది. నేనును అట్లే అనుకొంటిని. చివరకు పరీక్ష చేయింపగా క్షయ యని తేలినది. మందులు మొదలైనవి. పూర్వము వలె శానిటోరియమునకు పంపనక్కరలేదని, ఇంటివద్దనే చికిత్స చాలునని 1959లోనే మద్రాసు పరిశోధన నిరూపించినది గదా. ఆమె మా యింటిలోనే ఆరు నెలలు మందులు వాడినది.

చికిత్స మొదలైన వారమునకే ఒక మితానిన్ మా గుమ్మమునకు వచ్చినది. మితానిన్ యనగా ఛత్తీస్‌గఢీ భాషలో చెలికత్తె. 2002లో ఈ రాష్ట్రమున ఆరోగ్య కార్యకర్తలకు పెట్టిన ఆ పేరు నాకెంతయో ఇష్టమైనది. ఆమె మా కుటుంబ సభ్యుల పేర్లు వ్రాసికొని, అందరును ఎక్స్‌రే తీయించుకొనవలెననెను. నేను గుమ్మములోనే నిలువబెట్టి, "రోగి మా అమ్మగారు. మాలో ఎవ్వరికిని దగ్గు లేదు. నేను ప్రతి ఉదయము తెలీబాంధా చెరువు చుట్టును రెండు మారులు నడచుచున్నాను" అంటిని. ఆమె హిందీలో ఇట్లనెను: "సాహెబ్, దగ్గు వచ్చిన తరువాత నేను రానక్కరలేదు. మీరే వచ్చెదరు."

ఆ మాట నాకు రుచింపలేదు. ఆమెను మూడు మారులు త్రిప్పితిని. నాలో మెదలిన భయము రోగమును గూర్చి కాదు. మా అమ్మాయి డిగ్రీ చదువుచున్నది. రేపు సంబంధములు చూచునపుడు, "ఆ యింట క్షయ యున్నదట" అను మాట రాయ్‌పూర్ నుండి పార్వతీపురము వరకు అదే రైలులో పోవునని నా భయము. ఈ సభలోని తల్లిదండ్రులకు నా మాట అర్థమగునని తలచెదను. తుదకు నా భార్యయే, "అత్తయ్యగారితో ఒకే గదిలో పడుకొన్నవి పిల్లలు. మీ పరువు కొఱకు వాళ్ళ ఊపిరి పణముపెట్టకండి" అని అందరిని వెంటబెట్టుకొని పోయినది.

భార్యకు, పిల్లలకు ఎక్స్‌రే నిర్మలముగా వచ్చినది. నా ఎడమ ఊపిరితిత్తి పైభాగమున మాత్రము ఒక నీడ కనబడినది. దగ్గు లేనందున తెమడ తీయుటయే కష్టమైనది. పరీక్షలో క్రిమి యున్నట్లు తేలినది. ఆ దినమున గూడ నేను చెరువు చుట్టును రెండు మారులు నడచియుంటిని.

నేను కేంద్ర ఉద్యోగినైనను, డెప్యుటేషనుపై నవరాయపురమందలి సచివాలయమున పనిచేయుచున్నాను. మనలో కొందరము శంకర్ నగర్‌నుండి ఒకే బస్సులో, కిటికీలు బిగించుకొని, చల్లని గాలి యంత్రము వేసికొని పోయెడివారము. ఎన్ని నెలలనుండి నేను ఆ గాలిలో నా ఊపిరిని కలుపుచుంటినో నాకు తెలియదు. ఇంతకంటె పెద్ద ప్రశ్న యొకటి నన్ను వెన్నాడినది. అమ్మనుండి నాకు వచ్చినదా, లేక నా వలననే ఆ వృద్ధురాలికి వచ్చినదా? ఆమె మా యింటికి వచ్చునాటికే నాలో ఆ నీడ యున్నదేమో. వైద్యుడు, "ఇప్పుడది చెప్పజాలము" అనెను. నేను ఈ మాట అమ్మతో అనగా, "ఎవరి నుంచి ఎవరికి వస్తే ఏం, ఇద్దరం మాత్రలు మింగుదాం" అని నవ్వినది. ఆమె నవ్వినది గాని, నాకు నవ్వు రాలేదు.

వాడుక ప్రకారము నేను నియమముల గ్రంథము తెరచితిని. 1972 నాటి మన సెలవు నియమములలో, కొన్ని షరతులకు లోబడి, క్షయకు చికిత్స పొందు ఉద్యోగికి 18 నెలల వరకు అసాధారణ సెలవునకు వీలు కలదు. మంచి నియమమే. కాని అది చికిత్స పొందువానిని గూర్చినది. రోగమున్నదని ఎరుగని వానిని గూర్చి ఏ నియమమును వ్రాయబడజాలదు. అతనిని వెదకవలసినది నియమము కాదు, ఇంటివారు, ఇరుగుపొరుగువారు, తోటి ఉద్యోగులు.

బస్సులోని మిత్రులకు చెప్పుటకు నాకు మూడు దినములు పట్టినది. చెప్పితిని. ఒకరు నాతో మాటలాడుట తగ్గించిరి. వారిని నేను తప్పుపట్టను. తక్కినవారు పరీక్ష చేయించుకొనిరి. దైవకృపచే అందరికిని నిర్మలముగా వచ్చినది. నేను ఆరు నెలలు మందులు వాడితిని. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, పిదప మూడు. సరియైన చికిత్స మొదలైన కొలది వారములకే ఇతరులకు అంటించు శక్తి తగ్గిపోవును. ఇపుడు నేనును, అమ్మయు స్వస్థులము. ఆమె నేడు మీ నడుమనే, ముందు వరుసలో కూర్చుండి, నేనేమి చెప్పుదునోయని చూచుచున్నది. చెప్పుటకు ముందు ఆమె అనుమతియు, మా అమ్మాయి అనుమతియు తీసికొంటిని.

నా భార్యకు, పిల్లలకు రోగము లేదని తేలిన పిదప, నివారణ మందులు ఇచ్చిరి. ఇది మనవారికి మింగుడుపడని సంగతి. రోగము లేనివానికి మందేల? రికార్డు గదిలోని ఫైలు బల్లమీదికి రాకమునుపే దానిని ముగించుటకు. ఐసోనయజిడ్ అను మందు ఈ పనికి తగునని అమెరికా వైద్యుడు జార్జి కామ్‌స్టాక్ 1950 దశకము చివర అలాస్కా ప్రాంతమున పరీక్షించి చూపెను. మన దేశమున 2021 మార్గదర్శకముల మేరకు, క్షయరోగి యింటనున్న వారందరికిని, రోగము లేదని తేల్చుకొనిన పిదప, ఈ నివారణ చికిత్స ఈయవచ్చును. దినమునకొకమారు చొప్పున ఆరు నెలలు వాడునది యొక పద్ధతి. వారమునకొకమారు చొప్పున 12 వారములు వాడునది మరియొకటి. మా యింటివారు రెండవది వాడిరి. మూత్రము నారింజరంగుగా మారును, దానికి భయపడవలదు. కాని వాంతులు, కన్నులు పచ్చబడుట కనబడినచో వెంటనే మందు నిలిపి వైద్యునికి చెప్పవలెను. రోగమున్నదో లేదో తేల్చుకొనక ఈ మందు మ్రింగుట మాత్రము తగదు. నిండు రోగమునకు అరకొర మందు ఇచ్చినట్లగును, క్రిమి మందునకు లొంగకుండ తయారగును.

చర్మమున సూది వేసి రెండు మూడు దినములకు వాపు కొలుచు పరీక్ష గాని, రక్తపరీక్ష గాని క్రిమి సోకినదా యని మాత్రమే చెప్పగలవు. అది నిద్రించుచున్నదా, మేల్కొన్నదా యని చెప్పజాలవు. దానికి ఎక్స్‌రేయు, తెమడ పరీక్షయు కావలెను. బి.సి.జి. టీకా పసిపిల్లలను మెదడు క్షయ వంటి ఘోరరూపములనుండి కాపాడును గాని, పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను ఆపదని మద్రాసు చెంత చెంగల్పట్టులో జరిగిన మహాపరీక్ష తేల్చినది. కావున "చిన్ననాడు టీకా వేసితిమి గదా" యని నిశ్చింతగా నుండుట చెల్లదు.

మందులతోనే సర్వము ముగియదు. ఈ రాష్ట్రముననే బిలాస్‌పూర్ చెంత గనియారిలో జన స్వాస్థ్య సహయోగ్ అను సంస్థ వైద్యులు తమ వద్దకు వచ్చిన క్షయరోగులను తూచి చూచిరి. పురుషుల మధ్యస్థ తూకము 42 కిలోలు, స్త్రీలది 34 కిలోలు. 2013లో ఆ అంకెలు ప్రచురింపబడినవి. పొరుగున ఝార్ఖండ్‌లో రోగుల కుటుంబములకు బియ్యము, పప్పు మొదలైనవి నెలనెల ఇచ్చి చూడగా, ఆ యిండ్లలో క్రొత్తగా క్షయ వచ్చుట నూటికి 39 వంతులు తగ్గినట్లు 2023లో వెల్లడియైనది. మనము ఎక్స్‌రే గూర్చి ఆలోచించుచున్నాము. మన యింట పాత్రలు తోము ఆమె, మన కాలనీ కాపలాదారు పప్పు గూర్చి ఆలోచించుచున్నారు. నిద్రించు క్రిమి వారి ఊపిరితిత్తులలో త్వరగా మేల్కొనును.

ప్రభుత్వము గూడ పాత ప్రశ్నను మార్చుకొనుచున్నది. 2024 డిసెంబరు 7న మొదలైన నూరు దినముల ఉద్యమమున, చేత మోయదగిన ఎక్స్‌రే యంత్రములతో లక్షణములు లేనివారిని గూడ పరీక్షించిరి. ఆరోగ్యవరపు వైద్యుడు ఏడు దశాబ్దముల క్రిందట నడచిన దారికే మరల వచ్చినాము.

సభ్యులారా, మిమ్ముల నేను కోరునవి మూడు. గత రెండేండ్లలో మీ యింట ఎవరికైనను క్షయ వచ్చియుండినచో, మీకు దగ్గు లేకున్నను, ఇంటిల్లిపాదియు ప్రభుత్వ కేంద్రమునకు పోయి పరీక్షింపించుకొనుడు. రుసుము లేదు. మీ యింట పనిచేయువారి యింట రోగమున్నదని తెలిసినచో, వారిని పనినుండి మాన్పింపక, పరీక్షకు పంపి, ఆ నెల పప్పు, నూనె మీరు చూచుకొనుడు. మూడవది, సంబంధములు మాటలాడునపుడు, "ఆ యింట క్షయ యుండెనట" యని ఎవరైన అనినచో, "నయమైనదా?" అని మాత్రము అడుగుడు. ఆ యొక్క ప్రశ్నతో ఎన్నియో యిండ్లలో మితానిన్‌ను గుమ్మము లోపలికి రానిత్తురు.

వచ్చే నెలలో మన సంఘ భవనమున ఒక ఆదివారము ఎక్స్‌రే పరీక్షకు ఏర్పాటు చేయవలెనని కార్యవర్గమునకు వ్రాతపూర్వకముగా విన్నవించుకొనియున్నాను. మొదటి పేరు నాదే వ్రాసితిని. చికిత్స ముగిసిన పిదప గూడ రెండేండ్లవరకు చూపించుకొనుచుండవలెనట.